దాపటి పక్క

మా బావ స్టీఫెన్‌కు తెలియని సంగతి ఒకటి ఉందంటే కరీంనగర్ బైపాస్ మీద లారీ నడిపే ఎవడూ నమ్మడు. ఆ నమ్మకమే మా కొంప ముంచింది. మా కొంప అంటున్నాను గానీ, నిజంగా మునిగింది ఇంకొకరి కొంప. అందుకే ఇది రాయడానికి ఇన్నాళ్లు చేయి రాలేదు.

మా దుకాణంలో జరిగే పని పెద్ద లారీలకు, ట్రైలర్లకు ఇరుసులు సరిగ్గా ఉన్నాయో లేదో చూసి సరిచేయడం. చెప్పుకోవడానికి ఇంతే. నలభై అడుగుల ట్రైలరుకు వెనక మూడు ఇరుసులుంటాయి. మూడూ ఒకదానికొకటి సమంగా, బండికి సరిగ్గా అడ్డంగా నిలవాలి. అందులో ఒక్క ఇరుసు కొస గోరంత వెనక్కి జరిగిందా, ముందు ఇంజన్ బండి రోడ్డు మీద నేరుగా పోతుంటే వెనక తోక పక్కకు పోతుంటుంది. డ్రైవరు స్టీరింగును బిగబట్టి కూర్చోవాలి. టైర్లు దొర్లవు, రోడ్డుకు రాసుకుంటూ పోతాయి. కొబ్బరి కోరు మీద చిప్పను తిప్పినట్టు రబ్బరంతా పొడిపొడిగా రాలిపోతుంది. కొత్త టైరు నెల తిరగకముందే గుండు అవుతుంది.

బావ ఈ పనిలో పడి ముప్పై రెండేళ్లు. హుజూరాబాద్ దగ్గరి పల్లెలో పుట్టాడు. తండ్రి సమ్మయ్య మొదట్లో రైతుల దగ్గర జీతం ఉండి, తరువాత మిషన్ హాస్టల్లో వాచ్‌మన్ అయ్యాడు. బావ ఆ హాస్టల్లోనే పదో తరగతి చదివి, నిజామాబాద్‌లో ఒక ఉస్తాద్ దగ్గర ఆరేళ్లు బండ్ల కింద పడుకొని పని నేర్చుకున్నాడు. తరువాత మా అక్క ఆరాధనను చేసుకున్నాడు. డిగ్రీ చదివి ఏ ఉద్యోగమూ రాక ఇంట్లో ఈగలు తోలుకుంటున్న నన్ను తన దుకాణంలో కూర్చోబెట్టాడు. నాలుగేళ్ల కింద మేం లేజర్ మిషన్ తెచ్చాం. చక్రాలకు తగిలిస్తే తెర మీద అంకెలు చూపిస్తుంది. అది నా చేతి పని. బావ మాత్రం నా తెర చూసి తలూపి, మళ్లీ తన నైలాన్ దారం, ఇనుప టేపు తీసుకొని బండి కిందికి దూరేవాడు. ట్రైలరు ముందు భాగంలో కిందికి దిగి ఉండే లావుపాటి మేకును కింగ్‌పిన్ అంటారు. అక్కడి నుంచి ఇరుసు ఒక కొసకు ఎంత దూరమో, రెండో కొసకూ అంతే ఉండాలి. ఆయన శాస్త్రమంతా అదే.

"నీ మిషిన్‌కు సదువొచ్చు జాన్సన్, నా దారానికి బుద్ధి ఉన్నది" అనేవాడు.

"బుద్ధి ఉంటే సాలదు బావా, బిల్లు గూడ రావాలె" అనేవాణ్ణి నేను.

ఆయనకు ఇంకో అలవాటు ఉంది. ఎవరినీ ఏమీ అడగడు. డ్రైవరు దిగి బండి బాధలు చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టి, "నువ్వు చెప్పకు, బండి చెప్తది" అనేవాడు. కొత్త ఊరికి పోయినా దారి అడగడు, మూడు సందులు తిరిగైనా సరే తనే వెతుక్కుంటాడు. ఆస్పత్రిలో డాక్టరు ఏ మాత్ర దేనికో చెప్పకపోయినా అడగకుండా ఇంటికి వచ్చేస్తాడు. చర్చిలో స్టీవార్డు, అంటే సంఘపెద్దల్లో ఒకడు కాబట్టి నలుగురూ ఆయన్నే అడుగుతారు, ఆయన మాత్రం ఎవరినీ అడగడు. ఇదంతా గొప్పతనం అనుకున్నాను నేను. పనిమంతుడి దర్జా అని పదిమందికి చెప్పుకున్నాను కూడా.

ఇక హనుమండ్లు సంగతి. ఖానాపూర్ దగ్గరి పల్లె అతనిది. ముప్పై ఏళ్లు వచ్చేదాకా అరక కట్టిన మనిషి, తరువాత గల్ఫ్‌కు పోయి డ్రైవింగు పట్టుకొని వచ్చి, ఖానాపూర్‌లోనే మల్లేష్ అనే ఓనర్ దగ్గర ట్రైలరు ఎక్కాడు. ఒకప్పుడు బాగా తాగేవాడు. మూడేళ్ల కింద కూతురు ప్రవళిక తల మీద చెయ్యి పెట్టి మానేశాడు. మా దుకాణం ఎదురుగా బుచ్చవ్వ హోటల్ ఉంది, అక్కడ మిగతా డ్రైవర్లు ఎంత గుంజినా చాయ్ తప్ప ముట్టేవాడు కాదు. "నా బిడ్డ నెత్తి మీద చెయ్యి పెట్టిన్నే" అని నవ్వేవాడు. లారీ లోకంలో కుడి ఎడమలు అని ఎవరూ అనరు. కుడిని డ్రైవర్ సైడు, ఎడమను క్లీనర్ సైడు అంటారు. హనుమండ్లు నోట్లో మాత్రం ఎంత కాదన్నా ఎద్దులే తిరిగేవి. గేరు పడకపోతే 'మొరాయిస్తుంది' అనేవాడు.

నవంబరు మొదటి వారంలో, కాలం కాని కాలంలో ముసురు పట్టింది. శనివారం నాలుగున్నరకు హనుమండ్లు ఖాళీ ట్రైలరుతో వచ్చాడు. ఆదిలాబాద్‌లో పత్తి బేళ్లు ఎత్తాలి, మిల్లువాళ్లు ఫోన్ మీద ఫోన్ చేస్తున్నారు. మాకేమో కరెంటు లేదు, నా మిషన్ మూగది అయింది. దుకాణం ముందు మోకాలి లోతు కాకపోయినా మడమలు మునిగేంత నీళ్లు. బావకు ఐదున్నరకు చర్చిలో స్టీవార్డుల మీటింగు. హనుమండ్లు క్యాబిన్ దిగకుండానే వానలో తల బయట పెట్టి అరిచాడు.

"స్టీఫెనన్నా, జర చూడే! నడిమి ఇరుసు గడబడ అయినట్టున్నది. బండి దాపటికి గుంజుతుంది!"

బావ ఎప్పటిలా చెయ్యి అడ్డం పెట్టలేదు. ఆ రోజు ఆయనకు ఆ మాట కావాలి. మిషన్ లేదు, నీళ్లలో దారం పట్టే వీలు లేదు, టైర్లు మొన్ననే వేసినవి కాబట్టి అరుగుదల చూసి పోల్చుకునే దారీ లేదు. "ఆఁ" అన్నాడు. అని, బండి వెనక అర నిమిషం అలాగే నిలబడ్డాడు. వాన చూస్తున్నాడనుకున్నాను. దాపట అంటే ఏ పక్కో నాకూ తెలియదు. మా ఇంట్లో ఎన్నడూ ఎద్దు లేదు. కానీ నాకెందుకు ఆ సంగతి, బావకు తెలుసు కదా అనుకున్నాను.

బండి ఏ పక్కకు పోతుంటే ఆ పక్క ఇరుసు కొసను ముందుకు తేవాలి. దానికి ఇరుసును పట్టి ఉంచే రాడ్డును, దాని మర తిప్పి, కురచ చేయాలి. బావ నీళ్లలో నడుచుకుంటూ డ్రైవర్ సైడుకు, అంటే కుడి పక్కకు పోయాడు. కిందికి దూరి, నట్టు విప్పి, రాడ్డు తిప్పి, మళ్లీ బిగించి, దాని మీద ఎప్పటిలా పసుపు పెయింటు చుక్క పెట్టాడు. ఆ చుక్క ఉందంటే ఆ నట్టు మా బావ చేతి మీదుగా పోయిందని లెక్క.

"ఒక్కసారి దారం పట్టి సూద్దామా బావా?" అని గొడుగు కింద నుంచి అడిగాను.

"వానల ఏం దారం రా? పోనియ్యి, ఆయినకు ఆల్శమైతుంది" అన్నాడు.

హనుమండ్లు దండం పెట్టి పోయాడు. బావ చేతులు కడుక్కొని చర్చికి పోయాడు. నేను షట్టరు వేశాను.

ఐదో రోజు దుకాణం ఫోన్ మోగింది. ఆ ఫోన్ నా దగ్గరే ఉంటుంది. బావ ఒక టిప్పరు కింద ఉన్నాడు, బయట ఇంకా రెండు ట్రైలర్లు వరుసలో ఉన్నాయి.

"షాపేనా? నేను హనుమండ్లును. బండి ఎన్కటి కంటె ఎక్కువ గుంజుతుందే. స్టీఫెనన్నకు జర చెప్పుండ్రి" అన్నాడు అవతలి నుంచి. గాలి, హారన్ల చప్పుడు.

"కొత్తగ బిగిచ్చినంక రెండు మూడు ట్రిప్పులు గట్లనే ఉంటది. అదే సెట్ అయితది, ఫికర్ చెయ్యకు" అన్నాను.

అటువంటిది ఏదీ లేదు. ఇరుసు పెళ్లయిన కొత్త జంట కాదు, రోజులు గడిస్తే సర్దుకోవడానికి. ఈ మాట నాకు ఆ రోజూ తెలుసు. బావకు చెప్పడం మరిచిపోయానని రాస్తే నాకు తేలిక. మరిచిపోలేదు. చెబితే ఆయన బండిని వెనక్కి పిలిపిస్తాడు, వరుసలో ఉన్నవాళ్లను ఆపి మరీ మళ్లీ చేస్తాడు, ఒక పూట పోతుంది. ఆ పూట కోసం చెప్పలేదు.

పంతొమ్మిదో రోజు, గురువారం పొద్దున, హనుమండ్లు ఆదిలాబాద్ నుంచి బేళ్లతో వస్తూ నిర్మల్ ఘాట్ దిగుతుంటే క్లీనర్ సైడు టైరు పేలింది. ట్రైలరు తోక గోడకు గీసుకుంటూ పోయి ఆగింది. బేళ్లు రోడ్డు మీద పడ్డాయి. ఎదురుగా వస్తున్న బైకు మీది మనిషి దూకి తప్పించుకున్నాడు. దేవుని దయ వల్ల ఎవరూ పోలేదు. హనుమండ్లు భుజం ఎముక విరిగింది.

పోలీసులు టైరు పేలిందని రాసుకున్నారు. ఊరు మాత్రం తాగి నడిపాడని రాసుకుంది. ఒకప్పుడు తాగినవాడికి ఇదే తిప్పలు, మానేసిన సంగతి ఎవరి లెక్కలోనూ ఉండదు. ఓనర్ మల్లేష్ ఆస్పత్రికే వచ్చి బండి తాళం చెయ్యి తీసుకొని పోయాడు. అన్నిటికంటే పెద్ద దెబ్బ ఇంట్లో తగిలింది. నెత్తి మీద చెయ్యి పెట్టి చేసిన ఒట్టు బాపు తప్పాడని కూతురు ప్రవళిక మాట్లాడటం మానేసింది. ఈ కబురంతా బుచ్చవ్వ హోటల్లో ఇంకో డ్రైవరు చెప్పాడు. చివర్లో ఒక మాట అన్నాడు.

"పాపం ఆయినె మొదట్నుంచి మొత్తుకుంటనే ఉండె, బండి క్లీనర్ సైడుకు గుంజుతుంది, క్లీనర్ సైడుకు గుంజుతుంది అని. ఎవలు ఇంటరు?"

బావ చేతిలోని చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టాడు. ఆ డ్రైవరు పోయేదాకా ఆగాడు. పొయ్యి దగ్గరికి పోయి, నా జీవితంలో మొదటిసారి నేను చూస్తుండగా, ఒక మనిషిని ఒక ప్రశ్న అడిగాడు.

"బుచ్చవ్వా, దాపట అంటే ఏ పక్క?"

బుచ్చవ్వకు డెబ్బై ఏళ్లుంటాయి, నోరు పెద్దది. పకపకా నవ్వింది.

"ఓ కొడుకా, ఎంటికలు తెల్లగైనయ్, దాపటెద్దు ఎర్కలేదా నీకు? ఎడమ దిక్కు కట్టేది దాపటిది, కుడి దిక్కుది ఎలపటిది. మా దిక్కయితే గంతే. కొన్ని ఊర్లల్ల తిర్లమర్ల అంటరని మా ముసలోడు చెప్పేది."

బావ నవ్వలేదు. దుకాణంలోకి వచ్చి టైర్ల మీద కూర్చున్నాడు. నేను ఎదురుగా నిలబడ్డాను. నా తలలో తిరుగుతున్నది ఫోన్ సంగతి, ఆయన మాట్లాడుతున్నది ఇంకో సంగతి.

"ఉల్టా చేసిన జాన్సన్. ఎడమకు పోయే బండిని ఇంకింత ఎడమకు తోలిన."

"గంత నమ్మకంగ ఎట్ల చెప్తవ్ బావా?"

"నాకు ఎర్కలేకుండె. అందాజ మీద చేసిన. అడుగుదామనుకున్న. నాలిక దాకా వచ్చింది, బయటికి రాలే."

అప్పుడు చెప్పాడు. పదేళ్లప్పుడు బాపు సమ్మయ్య జీతమున్న రైతు పొలం కాడికి సద్ది తీసుకొని పోయాడట. రైతు 'దాపటెద్దును ఇడిసి తీస్కరా' అన్నాడట. ఈయన రెండోదాన్ని విప్పుకొని వచ్చాడు. నాట్లేసే ఆడవాళ్లు, కైకిలికి వచ్చిన కూలివాళ్లు అందరూ నవ్వారు. 'ఎద్దు లేనోని కొడుక్కు దాపటేంది, ఎలపటేంది' అన్నాడట ఆ రైతు. సమ్మయ్య కూడా వాళ్లతోపాటు నవ్వాడట. నవ్వకపోతే జీతం ఉండదు కదా.

"బాపు నవ్విండు సూడు, అది ఇంకా కండ్ల ముందట ఉన్నది" అన్నాడు బావ. "గా దినం సంది ఎవలనన్న ఏదన్న అడగాలంటే సిగ్గు. నాకు తెల్వదు అనే మాట నోట్లెకెల్లి రాదు. మొన్న హనుమండ్లు దాపట అనంగనే నేను మల్ల గా పొలం కాడ నిలవడ్డ."

నేను దర్జా అని మెచ్చుకున్నదంతా ఇదన్నమాట. నాకు ఆయన మీద జాలి కలగాలి. కలగలేదు, భయం కలిగింది. ఈ సంగతి బయటికి వస్తే దీని వెనకాలే ఫోన్ సంగతీ వస్తుంది. అందుకని వకీలులాగా వాదించాను.

"బుచ్చవ్వ ఏమన్నది? కొన్ని ఊర్లల్ల తిర్లమర్ల అంటరన్నది. మాటకే రెండు అర్థాలుంటే తప్పు నీదెట్లయితది బావా?"

ఆయన నా మొహంలోకి చూశాడు. "రెండు అర్థాలున్నయ్ నిజమే. నాకు ఒక్కటి గూడ ఎర్కలే గదా రా" అన్నాడు.

అయినా నా నోరు ఆగదు కదా. దుకాణం పేరు పోతుంది, ముప్పై రెండేళ్ల పేరు, ఒక్క ఓనర్ కూడా బండి పంపడు, హనుమండ్లుకు ఇంకో పని దొరుకుతుందిలే, పిల్ల నాలుగు రోజులు అలిగి మళ్లీ మాట్లాడుతుంది అన్నాను. పెద్దవాణ్ణి పట్టుకొని గదమాయించాను కూడా. ఆయన ఊరుకున్నాడని నేను సంతోషపడ్డాను, తేలు కుట్టిన దొంగలాగా ఆ వారమంతా కిక్కురుమనకుండా తిరిగాను.

డిసెంబరు మొదటి ఆదివారం చర్చిలో ప్రభు భోజన సంస్కారం. మా మెథడిస్టు సంఘంలో రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ముందు అందరం మోకరించి తప్పులు ఒప్పుకునే ప్రార్థన చదువుతాం. చిన్నప్పటి నుంచీ చదివిందే కాబట్టి అందరికీ కంఠతా వచ్చు, ఎవరికీ వినపడదు. స్టీవార్డులు ముందు తీసుకుంటారు. ఆ రోజు బావ లేచి ముందుకు పోలేదు. మోకాళ్ల మీద అలాగే ఉండిపోయాడు. పాస్టరుగారు ఆగి చూశారు, తరువాత పక్క మనిషి దగ్గరికి పోయారు. మొత్తం సంఘం చూసింది. నేను మాత్రం పోయి తీసుకున్నాను.

ఇంటికి వచ్చాక అక్క ఊరుకోలేదు. "ఏందయ్యా, ఏం చేసినవ్?" అని నిలదీసింది. బావ అన్నీ చెప్పాడు, ఎద్దు సంగతితో సహా. ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"నాకు చెప్పినవ్, దేవునికి చెప్పినవ్. గా పిల్లకు ఎవలు చెప్తరు?" అంది.

బావ అక్కడే మల్లేష్‌కు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు. తప్పు నాది, హనుమండ్లుది కాదు, తప్పు పక్క బిగించాను అని ఒక్క గుక్కలో చెప్పాడు. అవతల మల్లేష్ నవ్వాడు.

"స్టీఫెనన్నా, నీ దయగుణం నాకు ఎర్కలేదా? వానికి నౌకరి ఇప్పియ్యాలని నీ మీద ఏస్కుంటున్నవ్. నువ్వు తప్పు బిగిస్తవా? ఎవనికన్న చెప్తే నవ్వుతరు."

ఫోన్ పెట్టేశాక బావ మొహం చూడలేకపోయాను. తప్పు ఒప్పుకుంటే తిట్లు పడతాయనుకున్నాడు, పొగడ్త పడింది. అంతకంటే సిగ్గు ఇంకోటి లేదు.

"బండి ఇంకా మల్లేష్ జాగల్నే ఉన్నదట, రిపేరు మొదలుపెట్టలేదట. నట్టు మీద నా చుక్క ఉంటది. పోయి కొలుద్దాం పా. ఆళ్ల కండ్ల ముందట కొలుద్దాం" అన్నాడు.

నేను రాను అనలేకపోయాను. అంటే ఎందుకు అని అడుగుతాడు.

మంగళవారం జగిత్యాల మీదుగా పోయాం. దారి పొడుగునా నేను నాలుగుసార్లు ఫోన్ సంగతి చెబుదామనుకొని, నాలుగుసార్లు కిటికీలోంచి పసుపు చేన్లు చూశాను. హనుమండ్లు ఇల్లు ఊరి చివర. భార్య పత్తి ఏరడానికి పోయింది. కొట్టంలో మంచం మీద హనుమండ్లు కూర్చొని ఉన్నాడు, చెయ్యి మెడకు కట్టి ఉంది. ఇంటి అరుగు మీద ప్రవళిక ఇంటర్ పుస్తకం ముందు పెట్టుకొని ఉంది. కొట్టానికీ అరుగుకూ మధ్య పది అడుగులుండవు. ఆమె కూర్చున్న తీరు మాత్రం అటు గోడ ఉన్నట్టు ఉంది.

"బిడ్డా, నేను మీ బాపుకు ఇరుసు చూసేటోణ్ణి" అన్నాడు బావ. "ఖానాపూర్ దాకా జర నా ఎంబడి రా. టేపు సదవాలె, నా కండ్లకు సన్న గీతలు ఆనుతలేవు. నువ్వే సదవాలె."

ఆమె తండ్రి వైపు చూడకుండానే చెప్పులు వేసుకుంది. హనుమండ్లు కూడా లేచి వచ్చి మా బండి ఎక్కాడు.

మల్లేష్ జాగాలో ట్రైలరు ఒంటరిగా నిలబెట్టి ఉంది. ఒక పక్క రేకులు గీసుకుపోయాయి గానీ ఇరుసులకు దెబ్బ తగలలేదు. మల్లేష్ కూడా వచ్చాడు, ఇదంతా ఎందుకన్నట్టు చేతులు కట్టుకొని నిలబడ్డాడు. బావ ముందు నడిమి ఇరుసు టైరును చూపించాడు. రబ్బరు ఒక దిక్కుకే చీరుకుపోయి, చెయ్యి ఇటు రాస్తే నున్నగా, అటు రాస్తే గరుకుగా ఉంది.

"మల్లేషూ, మనిషి తాగితే బండి ఒక్కసారి గోడకు కొడతది. టైరు గిట్ల అరగాలంటే పది పన్నెండు దినాలు పక్కకు రాసుకుంట పోవాలె. ఇది తాగుడు పని గాదు, నా పని."

తరువాత కిందికి దూరి డ్రైవర్ సైడు నట్టు మీది పసుపు చుక్కను చూపించాడు. కింగ్‌పిన్‌కు గుండు కట్టిన దారం వేలాడదీసి, నేల మీద సుద్దతో గుర్తు పెట్టాడు. ఇరుసు రెండు కొసలకూ అలాగే పెట్టాడు. దారం నేను పట్టుకున్నాను. టేపు ఒక కొస ఆయన పట్టుకొని, రెండో కొస ప్రవళికకు ఇచ్చాడు.

"డ్రైవర్ సైడు ఎంత బిడ్డా?"

"ఏడు మీటర్ల అరవై సెంటీమీటర్లు, మీద ఆరు చిన్న గీతలు."

"క్లీనర్ సైడు?"

ఆమె మోకాళ్ల మీద వంగి రెండుసార్లు చూసింది. "ఏడు మీటర్ల అరవై రెండు. సరిగ్గ."

"పద్నాలుగు గీతల ఫరకు. మూడు దాటొద్దు. మీ బాపు ఎడమకు గుంజుతుందని చెప్పిండు. ఆయిన మాట నాకు సమజ్ కాలే. అడగలే. కుడి పక్క బిగిచ్చిన. ఎడమ పక్క ముందుకు రావల్సింది, ఇంకింత ఎన్కకు పోయింది. మీ బాపు తాగలే బిడ్డా. ఒట్టు తప్పలే."

మల్లేష్ కట్టుకున్న చేతులు విప్పాడు. వంగి ఆ రెండు సుద్ద గుర్తుల మధ్య దూరం తనూ చూశాడు. హనుమండ్లు వైపు తిరిగి, "భుజం మంచిగైనంక రా, బండి నీదే" అన్నాడు. అంతకంటే ఎక్కువ అనడం ఆ మనిషికి రాదు. హనుమండ్లు తలూపాడు గానీ అతని చూపు కూతురి మీదే ఉంది. ప్రవళిక టేపు చుట్టుకుపోకుండా అలాగే పట్టుకొని నిలబడింది. మొహం ఎర్రబడింది.

"పది దినాల సంది బాపు కొట్టంల పంటుండు" అంది బావతో. "అన్నం గిన్నె గడప కాడ పెట్టి అచ్చిన, మాట్లాడలే. నువ్వు ముందుగాలనే ఎందుకు చెప్పలే పెద్దబాపూ?"

బావ నేల మీది సుద్ద గీతలు చూస్తూ, "సిగ్గయింది బిడ్డా" అన్నాడు. "తెల్వదని చెప్పుడు సిగ్గు. తప్పు చేసిన అని చెప్పుడు ఇంకా సిగ్గు. నా సిగ్గు కాపాడుకుందామని మీ బాపు ఇజ్జత్ తీసిన."

ఆమె టేపు వదిలి తండ్రి దగ్గరికి పోయింది. అతని మెడకు కట్టిన గుడ్డ జారితే సరిచేసి ముడివేసింది. హనుమండ్లు ఆ ఒక్క చేత్తో కళ్లు తుడుచుకున్నాడు. బావ మీద కోపం ఉంటుందేమో అనుకున్నాను, లేదు. ఏదో గుర్తుకు వచ్చినట్టు మెల్లగా అడిగాడు.

"నేను నడుమ షాపుకు ఫోన్ గూడ చేసిన గదా అన్నా. ఇంకా ఎక్కువ గుంజుతుందని చెప్పిన. అదే సెట్ అయితదన్నరు. ఎవలు ఎత్తిండ్రు గా దినం?"

నా చేతిలో దారం ఉంది. నేను దాన్ని వేళ్లకు చుట్టుకుంటున్నాను. బావ తల తిప్పి నన్ను చూశాడు. ఒక్కసారే చూశాడు. ఆ చూపులో కోపం ఉంటే నేను బతికిపోయేవాణ్ణి. ఆయనకు తెలిసిపోయింది, అంతే. రెండు రోజుల కింద సంస్కారం తీసుకోని మనిషి, నిజం చెప్పడానికి అంత దూరం వచ్చిన మనిషి, హనుమండ్లు వైపు తిరిగి అబద్ధం చెప్పాడు.

"నేనే ఎత్తిన తమ్మీ. అదీ నా తప్పే."

హనుమండ్లు ఆయన్ను చూశాడు, తరువాత నన్ను చూశాడు. గొంతు పోల్చుకున్నాడో లేదో నాకు ఈనాటికీ తెలియదు. "సరే, పోనియ్యే అన్నా" అన్నాడు.

ప్రవళిక జాగా మూలనున్న మల్లేష్ గదిలోకి పోయి రెండు గ్లాసుల్లో నీళ్లు తెచ్చింది. ఒకటి బావకు ఇచ్చింది, ఒకటి నాకు ఇచ్చి, "తాగు చిన్నబాపూ, ఎండలబడి అచ్చినవ్" అంది. నేను తాగాను. గ్లాసు కింద పెట్టేదాకా నోరు తెరిచే వీలుంది. పెట్టాక కూడా ఉంది. ఏమీ అనకుండా దారం సంచిలో వేసుకొని, పోయి బండిలో కూర్చున్నాను.